లైనక్స్‌లో వీపీఎన్ టన్నెల్: ముందు హ్యాండ్‌షేక్, తర్వాత దారి

వైర్‌గార్డ్ 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్‌తో లైనక్స్ కెర్నల్‌లో భాగమైంది. అంతకు ముందు లైనక్స్ మీద వీపీఎన్ అంటే ఎక్కువగా ఓపెన్‌వీపీఎన్ గానీ, ఐపీసెక్ గానీ. రెండూ గట్టివే. అయితే సర్టిఫికెట్ల తయారీ, ఏ అల్గారిదమ్ వాడాలన్న ఎంపికలు, పేజీల కొద్దీ సెట్టింగులు చూసి చాలామంది మొదటి సాయంత్రమే విరమించుకునేవారు. వైర్‌గార్డ్ రూపకర్త జేసన్ డోనెన్‌ఫెల్డ్ ఆ ఎంపికలన్నీ తీసి పక్కన పెట్టాడు. కీల ఒప్పందానికి కర్వ్25519, డేటాను దాచడానికి ఛాఛా20, దారిలో అది మారలేదని తేల్చడానికి పాలీ1305. వీటిని మార్చే వీలే లేదు కాబట్టి తప్పు ఎంచుకునే అవకాశమూ లేదు. ఒక పరికరానికి కావలసిన కాన్ఫిగరేషన్ పది పదిహేను వరుసలకు మించదు.

మరి ఇంత చిన్న ఫైల్‌తో జనం రాత్రంతా ఎందుకు కుస్తీ పడుతున్నారు? చిక్కు ఎన్‌క్రిప్షన్‌లో ఉండదు. అడ్రసుల్లో, రూట్లలో, ఫైర్‌వాల్‌లో ఉంటుంది. ఒక అడుగు వేసి, అది పనిచేసిందని చూసుకుని, అప్పుడే రెండోది వేసేవాళ్లకు ఇది ఒక పూట పని. అన్నీ ఒకేసారి మార్చేవాళ్లకు ఎక్కడ తెగిందో అంతుపట్టదు. (కమాండ్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో ఉన్నాయి. టెర్మినల్‌లో టైప్ చేసేది ఇంగ్లిష్‌లోనే.)

ముందు కాగితం మీద

గుంటూరులో ఒక చిన్న ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు ఉందనుకుందాం. క్లయింట్ల ఫైళ్లన్నీ ఆఫీసులోని ఒక డెబియన్ మెషిన్‌లో ఉంటాయి. రిటర్నుల సీజన్ రాగానే ముగ్గురు ఉద్యోగులు రాత్రిపూట ఇంటి నుంచి పని చేస్తారు. "సార్, ఆ స్టేట్‌మెంట్ ఒకసారి వాట్సాప్ చేస్తారా?" అని ఫోన్లు మొదలవుతాయి. పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు అందరి ఫోన్లలోకీ చేరతాయి. ఆ ఫైళ్లు ఆఫీసు దాటకుండా, ఉద్యోగులే వాటి దగ్గరికి రాగలిగితే బాగుంటుంది. వీపీఎన్ చేసే పని అదే.

కాగితం మీద తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఒకటుంది: ఆఫీసుకు సొంత పబ్లిక్ ఐపీ ఉందా? రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ అని కనిపించే నంబర్‌నూ, బ్రౌజర్‌లో "నా ఐపీ ఏమిటి" అని వెతికితే వచ్చే నంబర్‌నూ పోల్చాలి. రెండూ ఒకటే అయితే ఉన్నట్టు. వేరైతే, ముఖ్యంగా రూటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఆ కనెక్షన్ క్యారియర్ గ్రేడ్ న్యాట్ వెనక ఉంది. అంటే ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో కనెక్షన్లు పంచుకుంటున్నాయి. అప్పుడు రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత పెట్టినా బయటినుంచి వచ్చే ప్యాకెట్ లోపలికి రాదు. మొబైల్ డేటాలో ఇది మామూలే, ఇళ్ల ఫైబర్ కనెక్షన్లలోనూ చాలాచోట్ల ఇంతే. ఈ చిన్న పరీక్ష చేయకుండా రెండు రోజులు రూటర్ సెట్టింగులు మార్చుతూ కూర్చోవడం అన్నిటికంటే సాధారణమైన పొరపాటు.

రెండు వైపులా న్యాట్ ఉంటే మధ్యలో పబ్లిక్ ఐపీ ఉన్న ఒక సర్వర్ కావాలి. అదే హబ్. ఒక జీబీ ర్యామ్ ఉన్న చిన్న క్లౌడ్ సర్వర్ దీనికి ధారాళంగా సరిపోతుంది. ప్రతి ప్యాకెట్ హబ్ మీదుగానే పోతుంది కాబట్టి అది దగ్గర్లో ఉండడం మంచిది. అమెజాన్, ఒరాకిల్ క్లౌడ్‌లకు హైదరాబాద్‌లోనే రీజియన్లు ఉన్నాయి. గుంటూరు నుంచి తెనాలికి పోయే ఫైల్ సింగపూర్ చుట్టి రానక్కర్లేదు.

1. అడ్రసులు ముందే పంచాలి. టన్నెల్ లోపలి నెట్‌వర్క్‌కు ఎవరూ సామాన్యంగా వాడని ప్రైవేటు శ్రేణి ఎంచుకోవాలి. ఇక్కడ 10.66.20.0/24 అనుకుందాం. హబ్‌కు 10.66.20.1, ఆఫీసు మెషిన్‌కు 10.66.20.2, ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లకు 3, 4, 5. ఈ జాబితా కాగితం మీదో, స్ప్రెడ్‌షీట్‌లోనో ఉండి తీరాలి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఆఫీసు రూటర్ 192.168.1.0/24 శ్రేణిలో అడ్రసులు ఇస్తుంది. ఉద్యోగి ఇంటి రూటర్ కూడా అదే ఇస్తుంది, ఎందుకంటే చాలా రూటర్లు ఫ్యాక్టరీ నుంచి అలాగే వస్తాయి. ఇంట్లో కూర్చుని ఆఫీసులోని 192.168.1.50 ప్రింటర్‌ను పిలిస్తే, ల్యాప్‌టాప్ దాన్ని ఆ ఇంట్లోనే వెతుకుతుంది. టన్నెల్ ఎంత చక్కగా ఉన్నా ఇది మారదు. ఉద్యోగుల ఇళ్లన్నీ తిరిగి రూటర్లు మార్చడం జరిగే పని కాదు కాబట్టి ఆఫీసు శ్రేణినే 192.168.77.0/24 లాంటిదానికి మార్చడం శాశ్వత పరిష్కారం. లేదా ఆఫీసు నెట్‌వర్క్ జోలికి పోకుండా ఫైళ్లున్న మెషిన్‌ను దాని టన్నెల్ అడ్రసు 10.66.20.2తో మాత్రమే పిలవాలి. చిన్న ఆఫీసుకు రెండో పద్ధతే చాలు.

కీలు, ఫైలు

ఇన్‌స్టాల్ చేయడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. డెబియన్, ఉబుంటులలో "ఏపీటీ ఇన్‌స్టాల్ వైర్‌గార్డ్" చాలు. డబ్ల్యూజీ, డబ్ల్యూజీ-క్విక్ అనే రెండు పనిముట్లు వస్తాయి.

2. ఎవరి కీ వాళ్ల పరికరంలోనే పుట్టాలి. "డబ్ల్యూజీ జెన్‌కీ" ప్రైవేటు కీ ఇస్తుంది, దాన్ని "డబ్ల్యూజీ పబ్‌కీ"కి అందిస్తే జత పబ్లిక్ కీ వస్తుంది. అంతకు ముందు "యూమాస్క్ 077" కొడితే, పుట్టే ఫైల్‌ను మరో యూజర్ చదవలేడు. పబ్లిక్ కీని ఎలా పంపినా నష్టం లేదు. ప్రైవేటు కీ మాత్రం పుట్టిన పరికరం దాటకూడదు. కొందరు నిర్వాహకులు అందరి కీలూ తామే తయారు చేసి ఈమెయిల్‌లో పంపుతుంటారు. సౌకర్యమే, కానీ ఆ ఈమెయిల్ ఎన్నాళ్లు, ఎవరెవరి ఇన్‌బాక్స్‌లో ఉంటుంది?

రెండు కీలూ 44 అక్షరాలే, రెండూ చివర సమాన గుర్తుతోనే ముగుస్తాయి. చూడడానికి తేడా తెలియదు. పబ్లిక్ కీ రాయవలసిన చోట ప్రైవేటు కీ అతికించినా ఏ హెచ్చరికా రాదు, హ్యాండ్‌షేక్, అంటే రెండు పరికరాలు కీలతో ఒకదాన్నొకటి గుర్తించుకోవడం, మాత్రం జరగదు. అనుమానం వస్తే చేతిలో ఉన్న ప్రైవేటు కీని మళ్లీ "డబ్ల్యూజీ పబ్‌కీ"కి ఇచ్చి, వచ్చినదాన్ని అవతలి ఫైల్‌లో ఉన్నదానితో పోల్చాలి.

3. ఒక కీ, ఒకే పరికరం. ల్యాప్‌టాప్‌లో పనిచేస్తున్న ఫైల్‌నే ఫోన్‌లోకి కాపీ చేస్తే ఏమవుతుంది? హబ్ దృష్టిలో రెండూ ఒకే మనిషి. చివరి ప్యాకెట్ ఎక్కడినుంచి వస్తే అక్కడికే జవాబులు పంపుతుంది. ఫోన్ మాట్లాడినప్పుడల్లా ల్యాప్‌టాప్ ఆగిపోతుంది, ల్యాప్‌టాప్ మాట్లాడగానే ఫోన్ ఆగిపోతుంది. "కాసేపు వస్తోంది, కాసేపు పోతోంది సార్" అనే ఫిర్యాదు వింటే మొదట అడగాల్సింది ఇదే: ఆ ఫైల్ ఇంకెక్కడైనా పెట్టారా?

4. అలౌడ్‌ఐపీస్ వరుసను అర్థం చేసుకోకుండా ముందుకు పోకూడదు. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో రెండు రకాల భాగాలుంటాయి. ఇంటర్‌ఫేస్ భాగం ఆ పరికరం సంగతి చెబుతుంది: తన ప్రైవేటు కీ, తన టన్నెల్ అడ్రసు, హబ్ అయితే వినే పోర్ట్. పోర్ట్‌గా 51820 వాడడం ఆనవాయితీ. పీర్ భాగం అవతలివాళ్ల సంగతి: వాళ్ల పబ్లిక్ కీ, వాళ్లను చేరే ఎండ్‌పాయింట్, అలౌడ్‌ఐపీస్. ఈ చివరి వరుస పేరు చూసి చాలామంది అదొక ఫైర్‌వాల్ నియమం అనుకుంటారు. అది చేసే పనులు రెండు. పోయే ప్యాకెట్ ఏ పీర్‌కు వెళ్లాలో చెప్పేది అదే. వచ్చిన ప్యాకెట్ మీద ఉన్న పంపినవాడి అడ్రసు ఆ పీర్‌కు చెందిందా అని తనిఖీ చేసేదీ అదే. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒకే వాచ్‌మన్ బయటికి పోయేవాళ్లకు దారి చెబుతూ, లోపలికి వచ్చేవాళ్లను రిజిస్టర్‌తో సరిచూస్తున్నట్టు. రిజిస్టర్‌లో లేని అడ్రసుతో వచ్చిన ప్యాకెట్‌ను చప్పుడు లేకుండా పారేస్తుంది.

గుంటూరు ఆఫీసు ఉదాహరణలో హబ్ ఫైల్‌లో ఒక్కో పీర్‌కు ఒక్కో అడ్రసే రాయాలి: ఆఫీసు మెషిన్‌కు 10.66.20.2/32, మొదటి ల్యాప్‌టాప్‌కు 10.66.20.3/32. ఇక్కడ /32 బదులు /24 రాయడం ఎంత సాధారణమో చెప్పలేం. రెండు పీర్లకూ 10.66.20.0/24 రాస్తే వైర్‌గార్డ్ తప్పు చూపించదు. ఒక శ్రేణి ఒక్క పీర్‌కే ఉండగలదు కాబట్టి చివర రాసినవాడికి ఇచ్చి, మొదటివాడి దగ్గర్నుంచి తీసేస్తుంది. మొదటివాడికి హ్యాండ్‌షేక్ జరుగుతూనే ఉంటుంది, డేటా మాత్రం రాదు. "డబ్ల్యూజీ షో" కొట్టి చూస్తే అతని అలౌడ్‌ఐపీస్ దగ్గర ఖాళీ కనిపిస్తుంది.

ల్యాప్‌టాప్, ఆఫీసు మెషిన్ ఫైళ్లలో వ్యవహారం తలకిందులు. వాటికి ఉన్న ఒకే ఒక్క పీర్ హబ్. ఆ హబ్ వెనకాల మిగతా అందరూ ఉన్నారు కాబట్టి అక్కడ 10.66.20.0/24 మొత్తం రాయాలి. ఆఫీసు మెషిన్‌లో హబ్‌కు 10.66.20.1/32 అని మాత్రమే రాస్తే ఒక వింత పరిస్థితి వస్తుంది. ల్యాప్‌టాప్ హబ్‌ను పింగ్ చేయగలదు, ఆఫీసు మెషిన్ కూడా హబ్‌ను పింగ్ చేయగలదు, ల్యాప్‌టాప్ నుంచి ఆఫీసు మాత్రం అందదు. ఎందుకంటే 10.66.20.3 నుంచి వచ్చిన ప్యాకెట్ ఆఫీసు రిజిస్టర్‌లో లేదు.

అలౌడ్‌ఐపీస్‌లో 0.0.0.0/0 రాస్తే ల్యాప్‌టాప్ ఇంటర్నెట్ మొత్తం హబ్ గుండా పోతుంది. ఆఫీసు ఫైళ్లు తెరవడానికి అది అనవసరం. ఉద్యోగి చూసే వీడియోలు కూడా క్లౌడ్ బిల్లులోకి ఎక్కుతాయి. రైల్వేస్టేషన్ వైఫై లాంటి చోట రక్షణ కోసం అలా పెట్టుకుంటే పక్కనే ::/0 కూడా రాయాలి. మన దగ్గర మొబైల్ నెట్‌వర్క్‌లు చాలావరకు ఐపీవీ6 ఇస్తున్నాయి. ఆ వరుస లేకపోతే ఐపీవీ6 సైట్ల ట్రాఫిక్ టన్నెల్ బయటినుంచే పోతుంది. హబ్‌కు ఐపీవీ6 లేకపోయినా రాయడమే మంచిది. బయటికి కారిపోవడం కంటే ఆగిపోవడం మేలు.

5. హబ్‌కు ప్యాకెట్లు దాటించడం నేర్పాలి. లైనక్స్ తనది కాని ప్యాకెట్‌ను మామూలుగా ముందుకు పంపదు. సిస్‌సీటీఎల్‌లో ఐపీవీ4 ఫార్వర్డింగ్ విలువను 1 చేయాలి. దాన్ని సిస్‌సీటీఎల్ డైరెక్టరీలోని ఒక ఫైల్‌లో కూడా రాయాలి, లేకపోతే రీబూట్‌తో పోతుంది. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఉంటే దాని ఫార్వర్డ్ విధానం మొదటినుంచీ "డ్రాప్"గానే ఉంటుంది. డాకర్ ఉన్న మెషిన్‌లోనూ అంతే. టన్నెల్ ఇంటర్‌ఫేస్ నుంచి టన్నెల్ ఇంటర్‌ఫేస్‌కు వెళ్లేవాటికి అనుమతి విడిగా ఇవ్వాలి.

ఆఫీసు ప్రింటర్ కూడా ఇంటి నుంచి అందాలంటే ఇంకో మెట్టు ఉంది. ల్యాప్‌టాప్ ఫైల్‌లోనూ, హబ్ ఫైల్‌లో ఆఫీసు మెషిన్ దగ్గరా అలౌడ్‌ఐపీస్‌లో ఆఫీసు శ్రేణిని చేర్చి, ఆఫీసు మెషిన్‌లోనూ ఫార్వర్డింగ్ పెడితే ల్యాప్‌టాప్ ప్యాకెట్ ప్రింటర్ దాకా చేరుతుంది, కానీ 10.66.20.3కు జవాబు ఎటు పంపాలో ప్రింటర్‌కు తెలియదు. ఆఫీసు రూటర్‌లో ఆ శ్రేణికి ఒక స్టాటిక్ రూట్ పెట్టాలి, లేదా ఆఫీసు మెషిన్ మీద మాస్కరేడ్ నియమం పెట్టాలి. పోయే దారి వేసి వచ్చే దారి మరిచిపోవడం నెట్‌వర్కింగ్‌లో ఎప్పుడూ ఉండే కథే.

6. న్యాట్ వెనక ఉన్నవాళ్లకు కీప్‌అలైవ్ ఉండాలి. వైర్‌గార్డ్ స్వభావరీత్యా మౌని. పంపడానికి ఏమీ లేకపోతే ఒక్క ప్యాకెట్ కూడా పంపదు. ఆఫీసు మెషిన్ అలా కాసేపు ఊరుకుంటే మధ్యలోని న్యాట్ ఆ దారిని మరిచిపోతుంది, హబ్ ఇక దాన్ని పిలవలేదు. లక్షణం సులువుగా గుర్తుపట్టవచ్చు: ఆఫీసులో ఎవరైనా ఆ మెషిన్ నుంచి హబ్‌ను పింగ్ చేయగానే ఇంట్లోవాళ్లకు ఫైళ్లు తెరుచుకుంటాయి. ఆఫీసు ఫైల్‌లోని పీర్ భాగంలో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్‌కు 25 సెకన్లు పెడితే సరి. హబ్ వైపు అక్కర్లేదు.

7. మార్చేముందు వెనక్కి వచ్చే దారి చూసుకోవాలి. దూరాన ఉన్న సర్వర్ మీద ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్‌కు అనుమతి ఇవ్వకుండా యూఎఫ్‌డబ్ల్యూను ఎనేబుల్ చేసి, తమను తామే బయట పెట్టుకుని తాళం వేసుకున్నవాళ్లు ఎందరో. రూట్లు మార్చే ప్రయోగాలకు ఒక మంచి అలవాటు ఉంది: ముందు "షట్‌డౌన్" కమాండ్‌తో పది నిమిషాల తర్వాత రీబూట్ అయ్యేలా గడువు పెట్టి, అప్పుడు "డబ్ల్యూజీ-క్విక్ అప్" చేయాలి. కనెక్షన్ నిలిస్తే గడువు రద్దు చేయాలి. తెగిపోతే సర్వర్ రీబూట్ అయి పాత స్థితికి వస్తుంది. ఈ ఉపాయం పనిచేయాలంటే, పరీక్ష పూర్తయ్యేదాకా ఆ సర్వీస్‌ను బూట్ సమయంలో లేచేలా ఎనేబుల్ చేయకూడదు.

పనిచేయకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇక్కడ తొందర పనికిరాదు. నాలుగు ప్రశ్నలున్నాయి, వరుస మార్చకుండా అడగాలి. హ్యాండ్‌షేక్ జరిగిందా? పింగ్ పోతోందా? పెద్ద ఫైల్ వస్తోందా? పేరుతో పిలిస్తే పలుకుతోందా?

హ్యాండ్‌షేక్ సంగతి "డబ్ల్యూజీ షో" చెబుతుంది. లేటెస్ట్ హ్యాండ్‌షేక్ అనే వరుసే లేకపోతే ఒక్కసారీ జరగలేదన్నమాట. అలాంటప్పుడు అలౌడ్‌ఐపీస్, ఫార్వర్డింగ్, డీఎన్‌ఎస్‌లను ముట్టుకోవడం వృథా. పోర్ట్ తెరుచుకుందో లేదో చూడడానికి టెల్‌నెట్ వాడడం మరో వృథా ప్రయాస. వైర్‌గార్డ్ యూడీపీ మీద నడుస్తుంది, పైగా కీ తెలియనివాళ్లకు అసలు జవాబే ఇవ్వదు. నమ్మదగిన పరీక్ష హబ్ మీద టీసీపీడంప్‌తో 51820 పోర్ట్‌ను గమనించడం. హ్యాండ్‌షేక్ అభ్యర్థన పొడవు 148 బైట్లు, జవాబు 92 బైట్లు. ఈ రెండు అంకెలు గుర్తుంటే సగం రోగం తెలిసినట్టే.

148 అసలు రావడం లేదా? దారిలో ఫైర్‌వాల్ ఉంది, లేదా ఎండ్‌పాయింట్ తప్పు. క్లౌడ్ కంపెనీ పేజీలో యూడీపీకి బదులు టీసీపీ 51820 తెరవడం తరచూ జరిగే పొరపాటు. 148 వస్తోంది గానీ 92 పోవడం లేదా? ప్యాకెట్ చేరింది, హబ్ దాన్ని గుర్తించలేదు. కీలు సరిపోలలేదు, లేదా గడియారం తప్పు, లేదా హబ్ లోపలి ఐపీటేబుల్స్ నియమాలు అడ్డుకుంటున్నాయి. కొన్ని క్లౌడ్ ఇమేజ్‌లలో అవి ముందే ఉంటాయి, పేజీలో పోర్ట్ తెరిచినా లోపల కూడా చూడాలి. 148 వచ్చి, 92 పోయి, అవతల ఏమీ కాలేదా? తిరుగుదారిలో అడ్డంకి.

గడియారం ఎందుకొచ్చింది? ప్రతి హ్యాండ్‌షేక్ అభ్యర్థనలో సమయం ఉంటుంది. పాత ప్యాకెట్‌ను ఎవరైనా పట్టుకుని మళ్లీ పంపకుండా, అంతకు ముందు చూసినదానికంటే కొత్త సమయం ఉంటేనే హబ్ ఒప్పుకుంటుంది. రాస్ప్‌బెర్రీ పై 4, అంతకు ముందు మోడళ్లలో కరెంటు పోతే నడిచే గడియారం లేదు. ఆఫీసులో అలాంటి బోర్డు పెట్టి, కరెంటు పోయి వచ్చాక అది పాత తేదీతో లేస్తే, సమయం సరిదిద్దుకునేదాకా హబ్ దాన్ని పట్టించుకోదు. సమయం తెచ్చుకునే ఎన్‌టీపీ ట్రాఫిక్ కూడా టన్నెల్ గుండానే పోవాలని పెట్టి ఉంటే ఇక ఎప్పటికీ లేవదు. కాబట్టి ఎన్‌టీపీని టన్నెల్ బయటే ఉంచాలి.

హ్యాండ్‌షేక్ జరిగి పింగ్ పోకపోతే, పింగ్ ఇచ్చే ఎర్రర్‌ను చదవాలి. చాలామంది చదవరు. "రిక్వైర్డ్ కీ నాట్ అవైలబుల్" అంటే ఆ అడ్రసు ఏ పీర్ అలౌడ్‌ఐపీస్‌లోనూ లేదు. "డెస్టినేషన్ అడ్రస్ రిక్వైర్డ్" అంటే పీర్ తెలుసు, అతను ఎక్కడున్నాడో ఇంకా తెలియదు. హబ్ మీద ఇది కనిపిస్తే అవతలి పరికరం ఇంకా ఒక్కసారీ పలకరించలేదని అర్థం. ఏ ఎర్రరూ లేకుండా నిశ్శబ్దంగా ఉంటే ఫార్వర్డింగ్‌నూ, అవతలి వైపు అలౌడ్‌ఐపీస్‌నూ చూడాలి. హ్యాండ్‌షేక్ పాతబడినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. డేటా నడుస్తున్నప్పుడు అది రెండు నిమిషాలకొకసారి జరుగుతుంది, కీప్‌అలైవ్ లేని పరికరానికి డేటా నడవనప్పుడు గంట క్రితంది కనిపించినా లోపం కాదు.

పింగ్ పోతోంది, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అవుతోంది, ఫైల్ కాపీ మాత్రం మొదలై ఆగిపోతోంది. ఇది ఎమ్‌టీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, తెచ్చే చిక్కు. టన్నెల్ ప్యాకెట్ పరిమాణం సాధారణంగా 1420 బైట్లు, పైన వైర్‌గార్డ్ కవరు కలిస్తే ఐపీవీ6 మీద 1500 అవుతుంది. పీపీపీఓఈ వాడే ఫైబర్ కనెక్షన్‌లో గరిష్ఠం 1492 మాత్రమే. ఐపీవీ6 మీదుగా హబ్‌ను చేరుతుంటే టన్నెల్‌కు 1412 పెట్టాలి. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఇంకా తక్కువ ఉండవచ్చు. ఇంటర్‌ఫేస్ భాగంలో ఎమ్‌టీయూ 1280 పెట్టి చూడడం దగ్గరి దారి. ఫైల్ కదిలితే రోగం దొరికినట్టు, తర్వాత తీరిగ్గా పెంచుకోవచ్చు.

పేర్ల విషయంలో చిన్న ఆఫీసు చేయగల తెలివైన పని డీఎన్‌ఎస్ వరుస అసలు రాయకపోవడం. అది రాస్తే డబ్ల్యూజీ-క్విక్ రిసాల్వ్‌కాన్ఫ్ అనే పనిముట్టును పిలుస్తుంది, అది లేని సిస్టమ్‌లో టన్నెల్ లేవకుండానే పడిపోతుంది. ఒకే ఒక్క మెషిన్ పేరు కోసం హోస్ట్స్ ఫైల్‌లో ఒక వరుస చాలు.

ఒక్కోచోట ఇవేవీ తప్పు కాకపోవచ్చు. కొన్ని హోటళ్లు, కార్పొరేట్ వైఫైలు యూడీపీనే ఆపేస్తాయి. వైర్‌గార్డ్ టీసీపీ మీద నడవదు. అలాంటి చోట ఫోన్ హాట్‌స్పాట్‌కు మారడమే, లేదా టీసీపీ 443 మీద ఓపెన్‌వీపీఎన్ ఒకటి అదనంగా పెట్టుకోవడమే.

నడుస్తున్నదాన్ని నడిపించడం

8. ప్రతి పీర్ పైన పేరు రాయాలి. వైర్‌గార్డ్‌కు యూజర్ పేర్లు లేవు, కీలే ఉన్నాయి. ఏడాది తర్వాత 44 అక్షరాల వరుస చూసి అది ఎవరిదో ఎవరు చెప్పగలరు? హ్యాష్ గుర్తుతో మనిషి పేరు, పరికరం, చేర్చిన తేదీ రాయాలి. సేవ్‌కాన్ఫిగ్ అనే వరుస ఫైల్‌లో ఉంటే తీసేయాలి. అది ఉన్నంతకాలం టన్నెల్ ఆగినప్పుడల్లా ఫైల్ తిరగరాయబడుతుంది. చేత్తో రాసిన వ్యాఖ్యలూ, మధ్యలో చేసిన మార్పులూ పోతాయి.

9. తీసేయడం రెండు చోట్ల జరగాలి. ఉద్యోగి మానేశాడు, లేదా ల్యాప్‌టాప్ బస్సులో పోయింది. ఫైల్‌లో పీర్ భాగం చెరిపి ఊరుకుంటే నడుస్తున్న టన్నెల్ అతన్ని అనుమతిస్తూనే ఉంటుంది. "డబ్ల్యూజీ సెట్"తో తీసేసి ఫైల్ మరిచిపోతే తర్వాతి రీబూట్‌లో అతను తిరిగి వస్తాడు. ఫైల్ మార్చి, "డబ్ల్యూజీ-క్విక్ స్ట్రిప్" ఇచ్చినదాన్ని "డబ్ల్యూజీ సింక్‌కాన్ఫ్"కు అందిస్తే రెండూ ఒకేసారి సర్దుకుంటాయి, పని చేసుకుంటున్న మిగతావాళ్ల కనెక్షన్ తెగదు. కొత్తవాళ్లను చేర్చడానికీ ఇదే పద్ధతి.

10. కీలకు గడువు తేదీ లేదని గుర్తుంచుకోవాలి. డేటాను దాచే తాత్కాలిక కీలను వైర్‌గార్డ్ దానంతట అదే మారుస్తుంది. పరికరాల శాశ్వత కీలు మాత్రం మనిషి మార్చేదాకా చెల్లుతూనే ఉంటాయి. ఏడాదికోసారి, రిటర్నుల హడావుడి లేని నెలలో, అందరి కీలూ కొత్తవి చేయడం మంచి క్రమశిక్షణ. హబ్ కీ మారితే మాత్రం ప్రతి పరికరంలోనూ మార్చాల్సిందే కాబట్టి, మినహాయింపుగా, హబ్ ఫైల్‌కు ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ ఒకటి వేరేచోట ఉండాలి.

11. ఎండ్‌పాయింట్‌లో పేరు వాడితే అది లేచేటప్పుడు ఒక్కసారే ఐపీగా మారుతుందని తెలిసి ఉండాలి. తర్వాత ఆ పేరు వెనక ఐపీ మారినా టన్నెల్ పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. క్లౌడ్ సర్వర్‌కు మారని ఐపీ తీసుకోవడం ఈ తలనొప్పికి నేరుగా విరుగుడు.

చట్టం సంగతి కూడా ఒక మాట. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సేవలు అమ్మే సంస్థలు తమ వినియోగదారుల వివరాలను ఐదేళ్లు దాచాలి. సంస్థలు తమ ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌లకు ఆ నిబంధన వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. ఇలాంటి సొంత టన్నెల్ వాడేవాళ్లను అజ్ఞాతంగానూ ఉంచదు. హబ్ ఐపీ ఎవరి పేరు మీద ఉందో క్లౌడ్ కంపెనీ బిల్లులోనే ఉంటుంది. టన్నెల్ ఉన్నది దారిలో ఎవరూ చదవకుండా ఉండడానికి.

12. చివరి పరీక్ష రీబూట్. అంతా కుదిరాక "సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్"తో సర్వీస్‌ను బూట్‌లో లేచేలా పెట్టి, ఒక శనివారం సాయంత్రం అందరూ వెళ్లిపోయాక హబ్‌నూ ఆఫీసు మెషిన్‌నూ రీబూట్ చేయాలి. ఎవరూ ఏ కమాండూ కొట్టకుండా, ఆఫీసు వైఫైకి దూరంగా, ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి 10.66.20.2లోని ఒక పెద్ద ఫైల్ తెరిచి చూడాలి. తెరుచుకుంటే ఏర్పాటు పూర్తయింది, సోమవారం ఉద్యోగులకు అప్పగించవచ్చు. తెరుచుకోకపోతే సరిదిద్దడానికి ఆదివారం మిగిలే ఉంటుంది.